72 వేలు కట్టి నవల అచ్చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. తెలుగులో నవల రాసింది, పుస్తకమైతే 240 పేజీలు వస్తుందట. ఫోన్‌లో ప్రకటన చూసి ఒక ప్రచురణ సంస్థకు పంపితే మూడు రోజుల్లో ఓకే చేశారు. ప్యాకేజీ 72 వేలు. నెలాఖరులోగా కడితే పది వేలు తగ్గిస్తారట. ఎంఎస్ అప్లికేషన్లో పుస్తకం ఉంటే ప్రొఫైల్ బాగుంటుందని మా మరిది అంటున్నారు. మావారు మాత్రం ఇదంతా చదువు పాడుచేసుకోవడమే అంటారు. ఈ సంస్థకు ఇవ్వాలా, మేమే ప్రెస్సులో వేయించుకోవాలా, పెద్ద పబ్లిషర్ కోసం ఆగాలా? దయచేసి చెప్పండి.
ఒక తల్లి, ఖమ్మం

అమ్మా,

నెలాఖరులోగా ఆ డబ్బు కట్టకండి. కట్టకపోతే మీ అమ్మాయికి పోయేది ఏమీ లేదు. ముందు ఈ మాట మనసులో పెట్టుకుంటే మిగతాది నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. సంస్థ పేరు మారుతుంది, అంకె మారుతుంది, లోపల ఉన్న భయం మాత్రం మారదు. వద్దంటే పిల్ల ఆశ తుంచినవాళ్లం అవుతామేమో, సరే అంటే చదువు దెబ్బతింటుందేమో. మీరు మూడు దారుల్లో ఏది మంచిదని అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఈ భయమే అని నాకు తెలుస్తోంది.

నవల రాసినంత మాత్రాన బీటెక్ పాడైపోదు. ముప్ఫై పేజీలు రాసి వదిలేసిన పిల్లలను నేను చాలామందిని చూశాను. సెమిస్టర్ పరీక్షల మధ్య చివరి పేజీ దాకా రాసిన పిల్లకు కూర్చుని పని పూర్తిచేసే గుణం ఉంది. అది చదువుకూ పనికొస్తుంది, ఉద్యోగానికీ పనికొస్తుంది. మన తెలుగులో పెద్ద రచయితలు చాలామంది వేరే పని చేసుకుంటూనే రాశారు. కాళీపట్నం రామారావు గారు విశాఖలో బడి మాస్టారు. రావిశాస్త్రి గారు వకీలు. కేశవరెడ్డి గారు కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరు. నవలలు అమ్మి ఇల్లు గడవడం మన భాషలో ఇప్పుడు చాలా కొద్దిమందికే సాధ్యం. కాబట్టి డిగ్రీ, ఉద్యోగం ఒక పక్క, రాత ఒక పక్క సాగనివ్వండి. మీవారికి కూడా ఇదే చెప్పండి.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పేజీలెన్నో రాశారు, డబ్బెంతో రాశారు, గడువు ఎప్పుడో రాశారు. నవల దేని గురించో ఒక్క ముక్క లేదు. మీరు చదవలేదు కదూ? 72 వేలు సర్దడానికి సిద్ధపడ్డారు, నాలుగు సాయంత్రాలు ఇవ్వడానికి తీరిక చేసుకోలేదు. మీవారు చదవకుండానే దండగ అన్నారు, మరిదిగారు చదవకుండానే ప్రొఫైల్ అన్నారు, ఆ సంస్థవాళ్లు కూడా బహుశా చదవకుండానే అద్భుతం అన్నారు. ఆ పిల్లకు ఇంతవరకు పాఠకులే దొరకలేదు. ముందు తీర్చాల్సిన లోటు అది.

మూడు రోజుల్లో ఓకే వచ్చిందని మురిసిపోవడం కొత్తగా రాసేవాళ్లు చేసే మొదటి పొరపాటు. తన సొంత డబ్బు పెట్టి అచ్చువేసే ప్రచురణకర్త నెలలు తీసుకుంటాడు, ఎందుకంటే పుస్తకం అమ్ముడుపోకపోతే నష్టం తనది. మీ దగ్గర ముందే డబ్బు తీసుకున్నవాడికి ఆ బాధ లేదు. అతని వ్యాపారం పాఠకుడితో కాదు, మీతోనే. డబ్బు ఎవరి జేబు నుంచి ఎవరి జేబుకు పోతోందో ఒక్కసారి చూసుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి.

ప్యాకేజీలో ఏముంటాయో నాకు కంఠతా వచ్చు. ఐఎస్‌బీఎన్ నంబరు, అంటే ప్రతి పుస్తకాన్నీ విడిగా గుర్తించే నంబరు ఇప్పిస్తాం అంటారు. మన దేశంలో ఆ నంబరు ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఢిల్లీలో ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, రచయిత సొంతంగా కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కాపీరైట్ ఇప్పిస్తాం అంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే ఆ హక్కు మీ అమ్మాయిది. ఆమె బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్టర్ చేయించుకోవడం తప్పనిసరి కాదు. సాక్ష్యంగా ఉంటుందనుకుంటే చేయించుకోవచ్చు, సాహిత్య రచనకు ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు. అమెజాన్‌లో పెడతాం అంటారు. పెట్టడం వేరు, అమ్ముడుపోవడం వేరు. బెస్ట్ సెల్లర్ ట్యాగ్ వస్తుంది అంటారు. ఎవరూ పోటీ లేని చిన్న విభాగంలో పెడితే బంధువులు ఒకే రోజు కొన్న కొద్ది కాపీలకే అది రావచ్చు.

అన్నిటికన్నా ఎక్కువమంది పడిపోయేది "నూరు శాతం రాయల్టీ" అనే మాటకు. రాయల్టీ అంటే అమ్మకం మీద రచయితకు వచ్చే వాటా. నూరు శాతం దేని మీద అని అడగాలి. ఉదాహరణకు పుస్తకం ధర 250 అనుకోండి. అందులో షాపు కమీషన్ 100 పోయింది. ప్రింటింగ్ ఖర్చు 130 అని వాళ్లే లెక్క వేశారు. మిగిలింది 20. ఆ 20లో నూరు శాతం మీదే! కాపీకి 20 చొప్పున 72 వేలు తిరిగి రావాలంటే 3,600 కాపీలు అమ్ముడవ్వాలి. తెలుగులో పేరున్నవాళ్ల పుస్తకాలే చాలావరకు 500, 1,000 కాపీల లెక్కన వేస్తారమ్మా.

నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెప్తాను. వాళ్ల నాన్నగారు పీఎఫ్ నుంచి తీసి ఇలాంటి చోటే కట్టారు. ఒకసారి వాళ్లింటికి వెళ్తే మంచం కింద బ్రౌన్ పేపర్ చుట్టిన కట్టలు, ఒక్కో కట్టలో పాతిక పుస్తకాలు, దుమ్ము పట్టి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. మొదటి పేజీలోనే కథానాయకుడి పేరులో ఒత్తు ఊడిపోయి పక్కన వేరే గుర్తు పడింది. ఆ మనిషి పేరు కనిపించిన ప్రతిచోటా అదే తప్పు. ఆ అబ్బాయి ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి పంపాడు. వాళ్లు డీటీపీ (అచ్చుకు పేజీలు కూర్చే పని) కోసం వేరే ఫాంట్‌లోకి మార్చారు. మార్చినప్పుడు ఒత్తులు, సంయుక్తాక్షరాలు చెదిరాయి. అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రూఫ్ పంపలేదా అంటే పంపారు, రాత్రిపూట ఫోన్‌లో పైకీ కిందకీ జరిపి చూసి ఓకే అని మెసేజ్ పెట్టాడు. "ఆ ఓకే మీద సంతకం నాదే కదా సార్" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి మొహం నేను మర్చిపోలేను. వాడు బాగా రాస్తాడు. ఆ తర్వాత రెండేళ్లు ఏమీ రాయలేదు.

అందుకే తెలుగు పుస్తకం ఏ దారిలో వేసినా ప్రూఫ్ కాగితం మీద తీయించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని చూడాలి. రాసినవాళ్లతో పాటు ఇంకొకరు కూడా చూడాలి, ఎందుకంటే తన తప్పు తన కంటికి కనపడదు.

ఇప్పుడు మరిదిగారి ప్రొఫైల్ మాట. ఈ మధ్య ఇదొక ఫ్యాషన్ అయింది, దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. కాలేజీ పిల్లలు కొన్ని వందలు కట్టి సంకలనంలో ఒక పేజీ కవిత వేయించుకుంటారు, "కో-ఆథర్" అని సర్టిఫికెట్ వస్తుంది, అది వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. ఆ సంకలనం కొనేది కూడా అందులో రాసినవాళ్లే. ఇంకాస్త డబ్బున్నవాళ్లు పూర్తి పుస్తకమే వేయిస్తారు. ఎంఎస్ అడ్మిషన్లో చూసేది మార్కులు, ప్రాజెక్టులు, రికమెండేషన్ లెటర్లు, ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసిన ఎస్‌ఓపీ. కంప్యూటర్ సైన్స్ సీటుకు డబ్బు కట్టి వేసిన తెలుగు నవల వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. పైగా ఇందులో నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. పిల్ల ఇష్టంగా చేసుకున్న ఒకే ఒక్క పనిని కూడా మనం అప్లికేషన్ ఫారంలో గడిగా మార్చేస్తున్నాం. ర్యాంకు, ప్యాకేజీ, వీసా, ఇప్పుడు నవల కూడానా? ఆ ఒక్కటైనా వదిలేయండమ్మా. మరిదిగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. అయినా ఈ విషయంలో ఆయన మాట వినకండి.

మరి ఏం చేయాలి? నవలను ఒక నెల పక్కన పెట్టమనండి. తర్వాత మొదటి నుంచి చదివి తిరగరాయమనండి. మొదటి ప్రతినే చివరి ప్రతి అనుకోవడం ఈ వయసులో అందరూ చేసేదే, అందులో తప్పేం లేదు, కానీ అలాగే అచ్చుకు ఇవ్వకూడదు. బాగుందని మాత్రమే అనే స్నేహితులకు కాకుండా, ఎక్కడ విసుగొచ్చిందో చెప్పగల ఇద్దరు ముగ్గురికి చదవడానికి ఇవ్వమనండి. కథ ఎవరైనా కొట్టేస్తారేమోనని దాచుకోవద్దు. తేదీతో సహా మెయిల్‌లో పంపుకున్న కాపీ ఉంటే అదే ఒక ఆధారం. ఈలోగా చిన్న కథలు రాసి ఆదివారం అనుబంధాలకు, ఈమాట, సారంగ లాంటి వెబ్ పత్రికలకు పంపాలి. తిరిగొస్తాయి. కొన్ని అచ్చవుతాయి. ఎడిటర్ ఒక వాక్యం మార్చమన్నప్పుడు నేర్చుకునేది ఏ ప్యాకేజీలోనూ దొరకదు.

మీరడిగిన పోలిక కూడా చెప్తాను. ఎమెస్కో, ఛాయ, అన్వీక్షికి లాంటి ప్రచురణ సంస్థలు ఏ రకం పుస్తకాలు వేస్తున్నాయో ముందు చూసి, తన నవలకు సరిపోయే చోటికి పంపడం మొదటి దారి. ఒకే మెయిల్ ఇరవై మందికి పంపితే ఎవరూ పట్టించుకోరు. అక్కడ కుదరక, తిరగరాసిన ప్రతి మీద పిల్లకు నమ్మకం ఉంటే, కొద్ది కాపీలు సొంతంగా ప్రెస్సులో వేయించుకోవడం రెండో దారి. దానికి పేజీలు ఎన్ని ఫారాలు (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టలు) వస్తాయి, ఏ కాగితం, ఏ బైండింగ్ అని రెండు మూడు ప్రెస్సుల్లో కొటేషన్ అడగండి. ఖర్చు మీ కళ్ల ముందే ఉంటుంది, పుస్తకం మీద హక్కు మీ దగ్గరే ఉంటుంది. అయితే అమ్మే బాధ్యత కూడా మీదే. షాపులవాళ్లు ధరలో నలభై శాతం దాకా కమీషన్ అడుగుతారు, డబ్బు ఆలస్యంగా వస్తుంది. ప్యాకేజీ దారిని నేను మూడోదిగా కూడా పెట్టను.

ఎవరితో కుదిరినా ఒప్పందం కాగితం మీద ఉండాలి. హక్కులు ఎంతకాలానికి ఇస్తున్నారో అందులో రాసి ఉండాలి. రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే అంటుంది. అందుకే తెలివైనవాళ్లు "శాశ్వతంగా, ప్రపంచమంతటా, సినిమా, ఆడియోతో సహా" అని ముందే రాసిపెట్టుకుంటారు. ఆ వాక్యం కనిపిస్తే సంతకం పెట్టకండి.

ఆలస్యం అయిపోతుందన్న టెన్షన్ అసలు వద్దు. నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా 2021లో మొదలైన పీఎం యువ పథకం 30 ఏళ్ల లోపు వాళ్లకు. మొదటి విడతలో 75 మందిని ఎంపిక చేశారు, ఆరు నెలల పాటు నెలకు 50 వేలు ఇచ్చి పెద్ద రచయితల దగ్గర నేర్పించారు. తెలుగులోనూ రాయొచ్చు. అయితే వాళ్లిచ్చిన అంశం మీదే రాయాలి, నోటిఫికేషన్ వచ్చినప్పుడే దరఖాస్తు చేయాలి. సాహిత్య అకాడమీ 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారానికి వయసు 35 దాకా ఉంది. ఆ లెక్కన మీ అమ్మాయికి యువ రచయిత్రిగా ఇంకా పదిహేనేళ్లు ఉన్నాయి!

ఆ సంస్థ నుంచి మళ్లీ ఫోన్ వస్తే అమ్మాయినే మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. నవల నాలుగో అధ్యాయంలో ఏం జరిగింది అని ఒక్క ప్రశ్న అడగమనండి. ఒప్పందం కాపీ మెయిల్ చేయమనండి. ఆఫర్ అయిపోతుందంటే, అయిపోనివ్వండి అని పెట్టేయమనండి.

ఈ రాత్రి భోజనాలయ్యాక టీవీ ఆపేసి మొదటి అధ్యాయం చదివి వినిపించమని అడగండి. మీవారిని కూడా కూర్చోబెట్టండి. సిగ్గుపడుతుంది, మొదటి రెండు పేజీలు గొంతు పలకదు, మధ్యలో ఏమీ అనకండి. మళ్లీ నాకు రాసేటప్పుడు నవల పేరేమిటో, అందులో మీకు బాగా నచ్చిన మనిషి ఎవరో రాయండి.