హైకోర్టా, ఎల్టీఆర్ కోర్టా? నన్నడిగితే రెండోదే

ఆదివాసీ కుటుంబం నుంచి వచ్చి లా చదువుతున్నవాళ్ళు వేసవి ఇంటర్న్‌షిప్ హైకోర్టు లాయరు దగ్గర చేయాలా, ట్రిబ్యునల్లోనా అని అడిగారు. నేను కోయ పిల్లని. పోయిన వేసవిలో ఏజెన్సీ భూముల కేసులు వినే ఒక ఎల్టీఆర్ (భూ బదలాయింపు నియంత్రణ చట్టం) కోర్టులో ఆరు వారాలు చేశాను. కళ్ళు మూసుకుని అలాంటిచోటికే వెళ్ళండి.

పేరుకే కోర్టు. స్పెషల్ డిప్యూటీ కలెక్టరే జడ్జి, కిర్రుమనే ఫ్యాను కింద నాలుగు బల్లలు. మొదటి పది రోజులు అడంగల్ (ఏ పొలం ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) జిరాక్సులు తీయడం, ఫైళ్ళకి ట్యాగులు కట్టడం. స్టైపెండ్ ఊసే లేదు. బస్సు ఛార్జీలకి మా అమ్మ చింతపండు అమ్మి డబ్బులిచ్చింది. జీతం లేని ఇంటర్న్‌షిప్ అనేది ఉన్నవాళ్ళ పిల్లల కోసం పెట్టిందే, ఎవరేమన్నా సరే.

ఆ తర్వాత ఒక తాత వచ్చాడు. యూరియా సంచిలో కాగితాలు. ఎకరంన్నర పొలం తగాదా. అవతలివాళ్ళ లాయరేమో, తన క్లయింటు తండ్రి 1968లోనే ఇంకో గిరిజనేతరుడి దగ్గర కొన్నాడంటాడు. ఎందుకంటే 1970లో 1/70 అనే భూ బదలాయింపు చట్ట సవరణ వచ్చాక ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము కూడా భూమి అమ్ముకోడానికి వీల్లేదు. అందుకే మా ప్రాంతంలో రిజిస్ట్రేషన్ లేని సాదా కాగితాలన్నిటి మీదా తేదీ డెబ్భైకి ముందే ఉంటుంది. అన్నేళ్ళ కాగితం మడత దగ్గర కూడా చిరగదు!

"భూమి ఎప్పుడిచ్చావు?" అని తాతని అడిగారు. ఆయన కోయలో ఏదో చెప్పాడు. గుమాస్తా 'తేదీ తెలియదు' అని రాసేస్తున్నాడు. నాకు కాళ్ళు వణికాయి గానీ లేచాను. "సార్, తెలియదనలేదు. పెద్ద గోదారి వచ్చిన ఏడు గొడ్లు కొట్టుకుపోతే పొలం కౌలుకిచ్చానంటున్నాడు."

పెద్ద గోదారంటే మా దగ్గర ఒకటే, 1986 ఆగస్టు. భద్రాచలంలో 75 అడుగులు దాటింది. అంటే 1/70 వచ్చాకే. ఆ చట్టంలో కౌలు కూడా బదలాయింపే.

ఇంటర్న్ మాట్లాడటమేంటని లాయరు లేచాడు. "కోయ వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారిక్కడ?" అన్నారు సార్. ఎవరూ లేరు. కోయవాళ్ళ భూముల కోర్టులో కోయ వచ్చిన మనిషి లేకపోవడం ఏమిటి?

ఇంకో మాట. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని నిరూపించుకోవాల్సింది అతనే అని ఆ చట్టంలోనే ఉంది. మరి తాతనెందుకు నిలదీశారు? మా కాలేజీలో సమత తీర్పుతో (ఏజెన్సీ భూముల్ని గిరిజనేతరులకి గనుల లీజుకివ్వకూడదన్న సుప్రీంకోర్టు తీర్పు) కలిపి ఇదంతా ఒక్క క్లాసులో ముగించారు. కంపెనీ లాకి మాత్రం రెండు సెమిస్టర్లు.

ఆ కేసు ఇప్పటికి నాలుగు వాయిదాలు పడింది. ప్రతి వాయిదాకీ ముందురోజు తాత మనవడి ఫోన్ నుంచి చేస్తాడు. "పాపా, రేపు వస్తున్నావు కదా?"