క్వయర్‌లో చివరి చరణానికి శ్రుతి ఎందుకు దిగిపోతుంది? డిసెంబర్ వచ్చేసరికి గొంతు పోకుండా ఏం చేయాలి?

మీరు విశాఖలో చర్చి క్వయర్‌లో (గాయక బృందంలో) ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు పార్టు, పాడుతున్నారు. నాలుగో చరణానికల్లా అందరికీ శ్రుతి దిగిపోతోంది, క్రిస్మస్ వారానికి మీ గొంతు బొంగురుపోతోంది. ఇవి రెండు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి గానీ చాలావరకు మూలం ఒక్కటే: పక్కవాళ్లు వినపడనంత గట్టిగా పాడటం. ఎడమ పక్క, కుడి పక్క మనిషి గొంతు మీకు వినపడకపోతే మీరే తగ్గాలి. క్వయర్‌లో ఇంతకుమించిన రూలు లేదు.

శ్రుతి సంగతి ముందు చూద్దాం. కీబోర్డు ఆపేసి రెండు చరణాలు పాడండి, ప్రతి లైను చివరా ఆగి ఆ మెట్టు నొక్కి చూడండి. ఎక్కడ జారుతున్నారో అరగంటలో తెలిసిపోతుంది. సాధారణంగా మూడు చోట్ల దొరుకుతుంది. ఒకే స్వరం మీద ఐదారు అక్షరాలు వరసగా ఉన్నచోట (ఆల్టో పార్టుకి ఇది శాపం, సగం పాట అలాగే నడుస్తుంది), పైనుంచి కిందికి దిగేచోట, ఊపిరి అడుగంటిన లైను చివర. ఒకే స్వరం ఉన్నప్పుడు ఒక్కో అక్షరం ముందుదానికన్నా వెంట్రుకవాసి పైన ఉందనుకుని పాడాలి. దిగేటప్పుడు మెట్లు చిన్నవిగా వేయాలి, ముఖ్యంగా (దో-రే-మీ స్వరాల్లో) 'దో' నుంచి 'తీ'కి, 'ఫా' నుంచి 'మీ'కి దిగే అరమెట్లు. అప్పటికీ దిగుతుంటే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (పాట శ్రుతి మొత్తాన్ని మార్చే బటన్) ఒక అరమెట్టు పెంచి చూడండి. అరస్వరం పైకి వెళితే కష్టం పెరగాలి కదా అనిపిస్తుంది గానీ చాలాసార్లు ఆ చిన్న మార్పుకే పాట నిలబడుతుంది.

ఊపిరి అందరూ ఒకేచోట తీసుకుంటే పాటకి గుంట పడుతుంది. పొడుగు లైన్లలో పక్కవాళ్లతో ముందే మాట్లాడుకుని వంతులు వేసుకోండి. మాటకీ మాటకీ మధ్య కాదు, దీర్ఘం మధ్యలో మెల్లగా తప్పుకుని ఊపిరి తీసుకుని, మళ్లీ సన్నగా కలవాలి. తిరిగి వచ్చేటప్పుడు హల్లుతో రాకండి, దొరికిపోతారు.

తెలుగు పాటకి ఇంకో చిక్కుంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి కలిసి పాడటం తేలికే, సున్నా దగ్గరే తేడా వస్తుంది. 'ఆనందం' నాలుగు తాళాలు నిలపాలనుకోండి. ఒకరు రెండో తాళానికే పెదవులు మూస్తారు, ఇంకొకరు చివరిదాకా తెరిచి ఉంచుతారు. సగంమంది 'ద' పాడుతుంటే సగంమంది 'మ్' మూలుగుతుంటారు, వినేవాళ్లకి క్వయర్ బలం సగానికి పడిపోయినట్టుంటుంది. నాలుగో తాళం చివర మాత్రమే అందరూ కలిసి పెదవులు మూయాలని పుస్తకంలో పెన్సిల్‌తో గీసుకోండి. 'స్తుతి'లాంటి మాటల్లో 'స' బుసకొట్టకుండా ఉండాలంటే దాన్ని తాళానికి ముందు కొంచెంగా అని, 'తు'ని తాళం మీద వేయాలి.

పార్టు నేర్చుకునేటప్పుడు మీ ఆల్టో మాత్రమే ఒక ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అది వచ్చాక ఇంకో ఫోన్‌లో సొప్రానో (ఆడవాళ్ల పై గొంతు పార్టు) పెట్టి, దానికి ఎదురు మీ పార్టు పాడండి. అసలు పరీక్ష అదే. సొప్రానోలోకి జారిపోయే చోటు ఏదో ఆ ఒక్కటే పదిసార్లు చేయండి, పాటంతా చేయనక్కర్లేదు.

గొంతు వార్మప్‌కి కొబ్బరిబొండాల బండి దగ్గర దొరికే స్ట్రా చాలు. అరలీటరు సీసాలో సగం నీళ్లు పోసి, స్ట్రా రెండు వేళ్ల మందం ముంచి, 'ఊ' అంటూ కింది నుంచి పైకి, పైనుంచి కిందికి జారండి. మూడు నాలుగు నిమిషాలు చాలు. బుడగలు తెగకుండా వస్తే ఊపిరి సమంగా ఉన్నట్టు, ఆగి ఆగి వస్తే కడుపు దగ్గర పట్టు లేదు. మెడ నరాలు ఉబ్బితే పైకి వెళ్లడం ఆపేయండి.

నీళ్లు స్టేజీ మీద గుటకేస్తే నోరు తడుస్తుందంతే. మింగిన నీళ్లు స్వరతంత్రుల మీదుగా పోవు, అన్నవాహికలోకి పోతాయి. కాబట్టి పొద్దుటి నుంచే తాగుతూ ఉండాలి. వైజాగ్ ఉక్కపోతలో చెమటకే చాలా పోతుంది, పైగా ఏసీ హాల్లో రెండు గంటల ప్రాక్టీసంటే ఇంకా ఆరిపోతుంది. ఫ్యాన్ గాలి సూటిగా మొహానికి తగలనివ్వకండి.

క్యారల్స్ రౌండ్లలో (ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడేటప్పుడు) గొంతు తీసేది పాట కన్నా వ్యాన్‌లో కబుర్లు. ఇంజన్ మోత మీద అరిచి మాట్లాడటం, ఇంటింటా వేడి టీ, రాత్రి పన్నెండుకి బిర్యానీ తిని వెంటనే పడుకోవడం. ఆ చివరిది మరీ చెడ్డది: పుల్లటి ఆమ్లం పైకి తన్ని, పొద్దున్నే గొంతు గరగరలాడుతుంది. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకండి. అంత టైం లేకపోతే ఇడ్లీతో సరిపెట్టుకోండి. గొంతు బొంగురుపోతే గుసగుసలాడటం విశ్రాంతి కాదు, దానికీ శ్రమే. నోరు మూసుకోవడమే మందు. మెంథాల్ బిళ్లలు నొప్పిని కప్పేస్తాయి, ఆ ధైర్యంతో ఇంకా లాగుతాం. గొంతు సవరించుకునే అలవాటుంటే దాని బదులు ఒక గుటక మింగండి.

బీచ్ రోడ్డులో పాడాల్సివస్తే సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. సాయంత్రం గాలి సముద్రం మీంచి వీస్తుంది, శబ్దాన్ని జనం వైపుకి మోస్తుంది. ఎదురు నిలబడితే ఎంత అరిచినా వెనక్కే పోతుంది. మైకులకి స్పాంజి తొడుగులు, కాగితాలకి బట్టల క్లిప్పులు మర్చిపోవద్దు.

మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే మాత్రం మిరియాల కషాయాలతో కాలయాపన చేయకండి. కేజీహెచ్‌లోనో (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) మీకు దగ్గర్లోనో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించి, స్వరతంత్రుల మీద కాయలేమైనా కట్టాయేమో కెమెరాతో చూడమని అడగండి. మింగడం కష్టమైనా, దగ్గితే రక్తం కనిపించినా మూడు వారాలు కూడా ఆగొద్దు.