పెంకులు మార్చినా కారుతోందంటే ముందు రీపర్లు చూడండి

మారేడుమిల్లి దగ్గర తోటలోని పాత పెంకుటింటికి 40 కొత్త బెంగుళూరు పెంకులు వేశాక కూడా కారుతోందని, గోడ దగ్గర వాసం మెత్తబడిందని రాశారు. దయచేసి పెంకుల మీద సిమెంటు మాత్రం పూయకండి. ఎండకు పగులుతుంది, ఆ పగుళ్లలో నీరు నిలిచి కిందున్న కర్ర కుళ్లిపోతుంది.

రీపర్లంటే వాసాల మీద అడ్డంగా కొట్టి పెంకులు ఆనించే సన్న కర్రలు. రీపరుకీ రీపరుకీ మధ్య దూరం కొలవండి. మామూలుగా 32 సెంటీమీటర్లు ఉంటుంది. కానీ పెంకు అచ్చును బట్టి కాస్త మారుతుంది కాబట్టి, మీ కొత్త పెంకులు రెండు కప్పు మీద ఉన్నట్టే ఒకదాని అంచుపై ఒకటి ఎక్కించి కొలుచుకోవడం మేలు. దూరం ఎక్కువైతే పై పెంకు కింద పెంకు మీదికి సరిగా ఎక్కదు, గాలివానకు నీరు ఆ సందులోంచి వెనక్కి తంతుంది. పాతవీ కొత్తవీ ఒకే వరసలో కలపకండి, గాళ్లు (పెంకుల అంచున నీరు పారే గాడులు) కుదరవు. గాళ్లలో ఆకు చెత్త ఉన్నా నీరు పక్కకు పొర్లుతుంది. అడవిలో ఇదే పెద్ద బెడద.

వాసాన్ని స్క్రూడ్రైవరుతో పొడవండి. అర అంగుళం దిగితే ఆ భాగం కోసేయాల్సిందే. అదే మందం కర్రను గట్టి భాగం పక్కన కనీసం రెండడుగులు ఆనించి, వాషర్లతో నాలుగు బోల్టులు బిగించండి. కోసే ముందు కింద ఆసరాగా పోటు కర్ర పెట్టడం మరవొద్దు.

చెదలుంటే క్లోర్‌పైరిఫాస్ 20 శాతం మందు లీటరుకు 19 లీటర్ల నీళ్లు. గోడ అంచున నేలలో అడుగుకో రంధ్రం చేసి పోయండి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, బావి దగ్గర మాత్రం వద్దు.