పాత ల్యాప్‌టాప్ స్లో అయితే కొత్తది కొనాలా?

ఏడెనిమిదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఆన్ అవడానికే ఐదు నిమిషాలు పడుతోంది, పిల్లల చదువు కోసం కొత్తది కొనాలా అని అడిగారు. తొందరపడకండి. ముందు టాస్క్ మేనేజర్ (ల్యాప్‌టాప్‌లో ఏ భాగం మీద ఎంత భారం ఉందో చూపే విండోస్ ప్రోగ్రామ్) తెరిచి చూడండి. మీరేమీ చేయకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే, అసలు ఇబ్బంది చాలావరకు హార్డ్ డిస్క్‌దే. అలాంటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్క్. ఎక్కడెక్కడో ఉన్న చిన్న చిన్న ఫైళ్ల కోసం దాని ముల్లు అటూ ఇటూ తిరగాలి, ఆలస్యమంతా అక్కడే. దాని బదులు వేసే ఎస్‌ఎస్‌డీ అంటే చిప్‌లలో ఫైళ్లు దాచే డిస్క్, అందులో కదిలే భాగమే ఉండదు. అది వేయిస్తే అదే మెషీన్ ఎంత చురుగ్గా లేస్తుందో మీకే తెలుస్తుంది. ర్యామ్ (నడుస్తున్న పనుల కోసం వాడే తాత్కాలిక మెమరీ) 4 జీబీయే అయితే, వీలుంటే 8 చేయించండి. రిపేరు షాపుకి ఇచ్చే ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు తప్పకుండా వేరేచోట కాపీ చేసుకోండి.

గేమ్స్ విషయంలో మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. లోడింగ్ తగ్గుతుంది గానీ, ఆట మధ్యలో తడబడటం ఎక్కువగా గ్రాఫిక్స్ చిప్ చాలకపోవడం వల్ల వచ్చేది.

ఇంకొకటి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం) 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ మెషీన్‌కి విండోస్ 11 ఎక్కకపోతే, విండోస్ బదులు వాడే లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి. ఉచితం, చదువుకి హాయిగా సరిపోతుంది. అప్‌డేట్లు రాని విండోస్‌లో బ్యాంకు పనులు మాత్రం చేయకండి.