అల్లుడూ, ఆ మీటర్ నిన్ను మోసం చెయ్యట్లేదురా

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన గోల్ఫ్ గేమ్ స్క్రీన్ రికార్డింగులు అన్నీ చూశాను, స్లోగా పెట్టి మరీ చూశాను. సరిగ్గా లైన్ మీదే నొక్కుతున్నా మామా, బంతి మాత్రం పొదల్లోకి పోతోంది, గేమే తేడాగా ఉంది అన్నావు కదా, గేమ్‌లో తేడా ఏం లేదు, గుర్తు లైన్ మీదకి రావడం చూసి అప్పుడు నొక్కుతున్నావు నువ్వు, గొడవంతా అక్కడే ఉంది.

కాస్త లెక్క చెప్తా, విసుక్కోకుండా చదువు. షాట్‌కి మూడు నొక్కులు కదా, మొదటి నొక్కుకి మీటర్ మీద గుర్తు కదులుతుంది, రెండోది పవర్‌కి, గుర్తు వెనక్కొచ్చి గీత మీద ఉన్నప్పుడు మూడోది. ఆ గుర్తు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటిన్నర సెకన్లో వెళ్తుందనుకో. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారేదాని మీద, ఒక్కో బొమ్మ, అదే ఫ్రేమ్, దాదాపు 16.7 మిల్లీసెకన్లు, అంటే మొత్తం ప్రయాణం 90 ఫ్రేములు. పర్ఫెక్ట్ అని ఇచ్చే గీత వెడల్పు మీటర్‌లో నూటికి రెండు వంతులు అనుకుందాం, అది 30 మిల్లీసెకన్లు, రెండు ఫ్రేములు కూడా నిండా లేవు. ఇక మనిషి సంగతి చూస్తే, కంటికి ఏదన్నా కనపడ్డాక వేలు కదలడానికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఇప్పుడు కలిపి చూడు, గుర్తు గీత మీదకొచ్చింది అని నీ బుర్రకి తెలిసి వేలు కిందకి పడేసరికి అది పన్నెండు ఫ్రేములు దాటి ముందుకి పోయుంటుంది. అంత తేడాతో పర్ఫెక్ట్ పడదు, ఎంత కళ్లు చించుకుని చూసినా పడదు.

మరి బాగా ఆడేవాళ్లు ఎలా కొడుతున్నారు అంటావు. వాళ్లు చూసి కొట్టట్లేదురా, లయ పట్టుకుని కొడుతున్నారు. పాటకి తాళం వేసేవాడు దెబ్బ వినపడ్డాక చెయ్యి లేపడు కదా, దెబ్బ ఎక్కడ పడుతుందో వాడికి ముందే తెలుసు, దానికి సరిపోయేలా చెయ్యి ముందే కదిలిపోతుంది. ఈ మూడు నొక్కుల పద్ధతి 1984లో నింటెండో గోల్ఫ్ గేముకి సతోరు ఇవాటా ప్రోగ్రామ్ రాసినప్పటి నుంచీ ఉంది, 1997లో ప్లేస్టేషన్‌లో ఎవ్రీబడీస్ గోల్ఫ్ అదే పెట్టింది, 2022లో వచ్చిన పీజీఏ టూర్ 2కే23లో కూడా 3-క్లిక్ స్వింగ్ పెట్టారు. ఇన్నేళ్లు బతికిందంటే కారణం అదే, ఇది చూపుకి పెట్టిన పరీక్ష కాదు, తాళానికి పెట్టిన పరీక్ష.

అందుకని ముందు ఒక పని చెయ్యి. గుర్తు వెంట కళ్లు పరిగెత్తించడం మానెయ్. చూపు గీత మీదే నిలిపి ఉంచు, గుర్తు వస్తుంటే చూపు అంచున దానంతటదే తెలుస్తుంది. మొదటి నొక్కు ఒకటి, పవర్ రెండు, గీత మూడు, లోపల అలా లెక్కపెట్టుకుంటూ నొక్కు. వేలు బటన్ మీద ఆనించే ఉంచు, నువ్వేమో గాల్లో లేపి పట్టుకుని టక్కున దించుతున్నావు (మౌస్ చప్పుడు రికార్డింగులో వినపడుతోందిలే), ఆ దించే దూరం ప్రతిసారీ ఒకేలా ఉండదు కదా, అక్కడే నీకు ఒకట్రెండు ఫ్రేములు పోతున్నాయి.

ఇంకోటి, ఇది నువ్వు గమనించలేదనుకుంటా. నీ గేములో పవర్ నొక్కిన చోటి నుంచే గుర్తు వెనక్కి తిరుగుతోంది. అంటే పవర్ 100 పెట్టినప్పుడు వెనక్కి రావడానికి పట్టే టైమ్ వేరు, 70 పెట్టినప్పుడు వేరు. నువ్వు ఒక షాట్ 100కి, తర్వాత షాట్ 64కి, ఆ తర్వాత 83కి కొడుతున్నావు, ప్రతి షాట్‌కీ తాళం మారిపోతుంటే చేతికి ఏం అలవాటవుతుంది చెప్పు. వీలైనంతవరకు క్లబ్ (బంతిని కొట్టే కర్ర, ఒక్కోటి ఒక్కో దూరానికి) మార్చు, పవర్ మార్చకు. ఏ క్లబ్ తీస్తే 95కి అటూ ఇటూగా సరిపోతుందో చూసుకుని అదే తియ్యి. గ్రీన్ (కన్నం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దగ్గరికి వచ్చాక చిన్న చిన్న షాట్లకి తప్పదనుకో, అక్కడ కూడా సగం పవర్ ఒకటి, ముప్పావు ఒకటి అని రెండు తాళాలు బాగా నేర్చుకుని మిగతాది క్లబ్‌తో సర్దుకో.

సరే, ఇప్పుడు నీ తప్పు ఎలాంటిదో కనిపెట్టాలి, దీనికి ప్రాక్టీస్ రేంజ్‌లోకి వెళ్లి ఒకే క్లబ్, ఒకే పవర్, గాలి లేకుండా పెట్టి ఇరవై బంతులు కొట్టు, ప్రతిదీ గీతకి ముందు పడిందా దాటి పడిందా అని కాగితం మీద గీసుకో. అన్నీ ఒకే వైపు పడుతున్నాయనుకో, అది మంచి వార్తే, నీ చెయ్యి స్థిరంగానే ఉంది, అన్నీ దాటి పడుతుంటే ఎక్కడో ఆలస్యం ఉంది, నొక్కడం కొంచెం ముందుకి జరిపితే చాలు, అన్నీ ముందే పడుతుంటే కొంచెం ఆగి నొక్కితే చాలు. అటోసారి ఇటోసారి పడుతుంటే మాత్రం ఎంత జరిపినా లాభం లేదు, లయ ఇంకా కుదరలేదని అర్థం. జనం ఈ రెండూ కలిపేసి ఒకసారి లేట్ అయితే తర్వాతి షాట్‌కి తొందరగా కొట్టి, అది తొందరయితే మళ్లీ ఆగి కొట్టి, రోజంతా అటూ ఇటూ ఊగుతూనే ఉంటారు. ఒక్క షాట్ చూసి ఏదీ మార్చకు.

ఆలస్యం సంగతి కూడా చెప్పేస్తా. ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ఆడుతున్నావు కదా, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చెయ్యి, లేకపోతే టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది, నీకు కనపడేదంతా కాస్త పాతదే. వి-సింక్ (బొమ్మ చీలకుండా ఫ్రేములని స్క్రీన్ వేగానికి కట్టేసే సెట్టింగ్) కూడా కొంత ఆలస్యం కలుపుతుంది, తీసేసి చూడు, బొమ్మ చీలినట్టు కనపడి చిరాకు వేస్తే మళ్లీ పెట్టుకో, పెట్టావంటే ఇక అలాగే ఉంచు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చప్పుడుని బట్టి నొక్కాలని మాత్రం చూడకు, అందులో చప్పుడు బొమ్మ కంటే వెనకపడి వస్తుంది. ఛార్జర్ పెట్టి ఆడు, బ్యాటరీ సేవర్‌లో ఉంటే ఫ్రేములు పడిపోయి గుర్తు గెంతులు వేస్తుంది. చెట్ల నీడలు, నీళ్ల మెరుపులు తగ్గించుకో, అందం తర్వాత చూసుకుందాం. నెట్ స్లో అని తిట్టుకుంటున్నావు గానీ చాలా గోల్ఫ్ గేముల్లో స్వింగ్ లెక్క నీ మెషీన్‌లోనే జరుగుతుంది, పింగ్ (నెట్‌లో కబురు వెళ్లి రావడానికి పట్టే టైమ్) ఎక్కువైతే ఎదుటివాడి షాట్ లేటుగా కనపడుతుందేమో గానీ నీ మీటర్‌కి దాంతో పెద్దగా సంబంధం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యం ఉన్నా పర్లేదు, రోజూ అంతే ఉండాలి. ఇవ్వాళ టీవీ, రేపు ఫోన్, ఎల్లుండి ఆఫీస్ మానిటర్ అంటే ప్రతిసారీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

ఇక అసలు ఏ షాట్ మీద పట్టుదల పెట్టాలి అన్నది. నువ్వు టీ మీద (మొదటి షాట్ కొట్టే చోట) డ్రైవర్, అదే దూరం కొట్టే క్లబ్, కొంచెం పక్కకి పోతే గోలగోల చేస్తావు, పుట్ (గ్రీన్ మీద కన్నంలోకి దొర్లించే షాట్) మాత్రం పరధ్యానంగా నొక్కేస్తావు. తిరగేసి చెయ్యాల్రా. ఒకే తప్పు, రెండు డిగ్రీలు పక్కకి పోయిందనుకో. 250 గజాల డ్రైవ్‌లో అది దాదాపు 9 గజాలు, 30 గజాల వెడల్పున్న ఫెయిర్‌వే (పొట్టిగా కోసిన గడ్డి దారి) మధ్యకి గురిపెట్టి ఉంటే బంతి ఇంకా ఆ దారి మీదే ఉంటుంది. అదే రెండు డిగ్రీలు 10 అడుగుల పుట్‌లో 4 అంగుళాల పైన పక్కకి తీసుకుపోతుంది. కన్నం వెడల్పు 4.25 అంగుళాలు, అంటే మధ్య నుంచి ఒక్కో పక్కకి రెండంగుళాల చిల్లరే, బంతి అంచు కూడా తాకకుండా పోతుంది. ఆరడుగుల పుట్‌లో అయినా రెండున్నర అంగుళాలు తప్పుతుంది, అదీ పోయినట్టే. పైగా డ్రైవ్ తప్పితే తర్వాతి షాట్‌తో సర్దుకోవచ్చు, పుట్ తప్పితే నేరుగా ఒక స్ట్రోక్ పోయింది. కాబట్టి ప్రాక్టీస్ టైమ్‌లో సగానికి పైన పుట్టర్‌తోనే గడుపు, బోర్ కొడుతుంది నాకు తెలుసు, అయినా సరే.

పుట్‌లో పవర్ కన్నం దాటి ఒక అడుగు, అడుగున్నర పోయేంత పెట్టు, అంతకంటే గట్టిగా కొడితే అంచు తాకి బయటికి తిరిగిపోయేవి ఎక్కువవుతాయి.

గాలి గురించి పెద్దగా చెప్పను, అది వేరే పాఠం. ఒక్క మాట, ఎదురుగాలి చేసే నష్టం ఎక్కువ, వెనకగాలి ఇచ్చే లాభం తక్కువ, నిజం గోల్ఫ్‌లో అంతే, బాగా రాసిన గేముల్లో కూడా అంతే. గ్రీన్ ఎత్తులో ఉంటే మూడడుగుల ఎత్తుకి ఒక గజం దూరం కలుపుకో, కింద ఉంటే తీసెయ్. ఈ లెక్కలన్నీ మొదటి నొక్కుకి ముందే అయిపోవాలి. గుర్తు కదిలాక గాలి గుర్తొచ్చి కొంచెం ఎక్కువ కొడదామా అని అనుమానం వచ్చిందంటే ఆ షాట్ పోయినట్టే, క్యాన్సిల్ ఇస్తే చేసుకో, ఇవ్వకపోతే మొదట అనుకున్నదే కొట్టెయ్. షాట్ క్లాక్ (షాట్‌కి ఇచ్చే టైమ్) చివరిదాకా లాగకు, ఆఖరి సెకన్లలో నొక్కిన ప్రతిదీ నీకు గీత దాటి పడుతోంది.

కొత్త క్లబ్ సెట్ కొనమంటావా అని అడిగావు. మీటర్ నిదానంగా కదిలేవి, గీత వెడల్పుగా ఉండేవి అమ్ముతారు, ఉపయోగం ఉండదని అనను. కానీ ఇప్పుడు కొంటే మీటర్ వేగం మారుతుంది, అప్పుడే పడుతున్న తాళం మళ్లీ చెడుతుంది, డబ్బులు పోయి ఆట కూడా పోతుంది. ముందు ఆ ఇరవై బంతుల కాగితం ఫోటో తీసి పంపు, పుట్టర్‌ది వేరే కాగితం మీద గీయి. అవి చూసి ఆదివారం ఫోన్ చేస్తా, కొనాలో వద్దో అప్పుడు చెప్తా, అప్పటిదాకా ఆ స్టోర్ పేజీ తెరవకు.

మీ మామ