కాంతిని బంధించే గోడ, ఎలక్ట్రాన్లకు దారి

ప్రశ్న: ఫోటానిక్ స్ఫటికాలతో ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్లను చిన్నవిగా చేయవచ్చునా? లోహం చేయలేనిది అవి ఎలా చేస్తాయి?
– డిగ్రీ విద్యార్థిని, పొందూరు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఎలక్ట్రాన్లను వేగవంతం చేసే యంత్రమే యాక్సిలరేటర్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ పొడవు సుమారు 3.2 కిలోమీటర్లు. దాని రాగి గదులలో మైక్రోవేవ్ తరంగాల విద్యుత్ క్షేత్రాన్ని ఒక హద్దు దాటి పెంచితే మెరుపులు పుట్టి గోడలు దెబ్బతింటాయి కనుక, తక్కువ క్షేత్రంతో ఎక్కువ దూరం నడిపించక తప్పదు. లేజర్ కాంతిని వాడదామంటే లోహం దానిని పీల్చుకుని వేడెక్కుతుంది. గాజు, సిలికాన్ ఇంకా బలమైన క్షేత్రాన్ని తట్టుకుంటాయి; కానీ పారదర్శకమైన గోడ కాంతిని లోపల ఎలా నిలుపుతుంది? అసలు చిక్కు ఇదే.

మీ ఊరి ఖద్దరు నేతను తలచుకోండి. సమాన దూరాల్లో పరచిన పడుగులో ఒక పోగు తప్పితే ఆ పొడవునా సందు ఏర్పడుతుంది. అలాగే, కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరి కొలతలతో క్రమంగా పేర్చిన నిర్మాణంలోకి (ఇదే ఫోటానిక్ స్ఫటికం) కొన్ని పౌనఃపున్యాల కాంతి చొరబడలేదని 1987లో భౌతిక శాస్త్రవేత్తలు యాబ్లొనొవిచ్, జాన్ వేర్వేరుగా ప్రతిపాదించారు. ఆ క్రమంలో ఒక వరుసను తొలగిస్తే కాంతి ఆ సందులోనే నిలిచి, అందులో సాగే ఎలక్ట్రాన్లను తోస్తుంది. అయితే తరంగపు దశావేగం (దాని శిఖరాలు ముందుకు సాగే వేగం) ఎలక్ట్రాన్ల వేగంతో సమానమయ్యేలా కొలతలు కుదర్చాలి. లేకుంటే ఒక క్షణం ముందుకు తోసిన తరంగమే మరుక్షణం వెనక్కి లాగుతుంది. నా దృష్టిలో ఈ రంగపు అందమంతా ఈ కుదుర్పులోనే ఉంది.

పూర్తి ఫోటానిక్ స్ఫటికం కాకున్నా దానికి దగ్గరిదైన గాజు గ్రేటింగ్‌లో (సమాన దూరాల్లో గాళ్లు చెక్కిన గాజు పలకలో), 2013లో ప్రచురితమైన ప్రయోగం మీటరుకు 25 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు (ఇది శక్తి కొలమానం) మించిన త్వరణాన్ని చూపింది. సందు మైక్రోమీటరు స్థాయిలోనే ఉండటంతో ఒక్కో గుంపులో కొద్ది ఎలక్ట్రాన్లే పడతాయి. ఇప్పటికి పెద్ద అడ్డంకి అదే.