ఆల్ సమ్మర్ లాంగ్‌ను పాట పాటగా వినేటప్పుడు

అమ్మలూ,

ఆశీస్సులు. అమెరికా పాటల జట్టు బీచ్ బాయ్స్ వాళ్ల "ఆల్ సమ్మర్ లాంగ్" మళ్లీ మొదటి నుంచి విని, ఒక్కో పాట గురించీ రాయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పని. 1964 జూలైలో కాపిటల్ రికార్డు కంపెనీ తెచ్చిన ఎల్పీ (పెద్ద గ్రామఫోను ప్లేటు) అది. పన్నెండు పాటలు, అన్నీ కలిపినా ఇరవై ఆరు నిమిషాలు రావు. చిన్నదే కదా అని ఒక్క సాయంత్రంలో విని రాసేస్తే మాత్రం చాలా జారిపోతుంది.

ముందు ఆ వేసవి ఎలాంటిదో తెలుసుకో. మనకు వేసవంటే మే నెల వడగాడ్పు. కాలిఫోర్నియా పిల్లలకు జూన్‌లో బడి మూసింది మొదలు సెప్టెంబరులో తెరిచేదాకా సముద్రం, కార్లు, స్నేహాలు. బడి తెరిస్తే అవన్నీ అయిపోతాయి. ఈ ఎల్పీ ఉత్సాహం వెనకాల ఆ గడువు ఉంది. హుషారూ బెంగా ఏ పాటలో ఎక్కడ కలిశాయో పట్టుకోవడమే నీ అసలు పని. మిగతాదంతా దానికి సాయం.

ఏ ప్రతి వింటావన్నది రెండో సంగతి. మోనోయే విను, అంటే శబ్దమంతా ఒకటిగా కలిపినది. స్టీరియోలో అది కుడి ఎడమలుగా విడిపోతుంది. ఈ పాటలు కట్టి, రికార్డింగ్ నడిపించిన బ్రయన్ విల్సన్‌కు కుడి చెవి వినపడేది కాదు. అతను గొంతుల, వాద్యాల తూకం చూసుకున్నది మోనోలోనే. 2012లో వచ్చిన సీడీలో మోనో, స్టీరియో రెండూ ఉన్నాయి. ఫోన్‌లో "మోనో ఆడియో" మీట నొక్కితే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. సరిపోదు. అది స్టీరియో మిక్స్‌నే, అంటే స్టీరియో కోసం గొంతులూ వాద్యాలూ కూర్చిన తీరునే, ఒకటిగా కలిపేస్తుంది. మధ్యలో ఉన్న వాద్యాలు పెద్దవై, పక్కల గొంతులు తగ్గుతాయి. అసలు మోనో మిక్స్ తూకమే వేరు. స్టీరియోని మాత్రం పారెయ్యకు, దానికీ పని ఉంది, చెబుతాను.

పాత రికార్డు కొనేట్టయితే మోనోది టి-2110, స్టీరియోది ఎస్టీ-2110. కొనేముందు ప్రతి వైపూ చివరి పాట వేయించుకుని విను. ప్లేటు మధ్యకు వచ్చేకొద్దీ ఒక్కో చుట్టులో గాడి పొడవు తగ్గుతుంది, అదే శబ్దం తక్కువ చోటులో ఇరుకుతుంది. బరువైన పాత ముళ్లు తిరిగిన రికార్డయితే అక్కడే గొంతులు బరబరమంటాయి. ఈ ఎల్పీలో ఆ చోటున ఉన్నది "డోంట్ బ్యాక్ డౌన్", అందులో సన్నటి పైగొంతు. అరిగిన ప్రతి ఆ పాటను పాడుచేస్తుంది. 1990లో వాళ్లదే మరో ఎల్పీ "లిటిల్ డ్యూస్ కూప్"తో జతచేసిన సీడీ వింటున్నావంటే పదమూడో పాట నుంచే మొదలుపెట్టు. పన్నెండు కాగానే ఆపెయ్యి. వెనక తగిలించిన అదనపు పాటలతో ఎల్పీ ఆకారం చెడుతుంది.

ఇక వినడం. మొదటిసారి కలం పట్టుకోకు. ఆరు పాటలయ్యాక రెండు నిమిషాలు ఆగు, తర్వాత రెండో వైపు వెయ్యి. వైపు మారే చోట ఊపిరి తీసుకోవాలని వరస కట్టింది వాళ్లే. రెండోసారి గొంతులన్నీ వదిలేసి బేస్ గిటార్, డ్రమ్స్ మాత్రమే విను. మూడోసారి స్టీరియోలో గొంతులు విను. హాలీవుడ్‌లోని వెస్టర్న్ స్టూడియోలో అప్పుడున్నవి మూడు ట్రాకుల (శబ్దాన్ని విడివిడిగా పట్టే వరసల) టేపు మిషన్లు. వాద్యాలన్నీ ఒక ట్రాకులో పెట్టి, మిగతా రెంటిలో గొంతులు పట్టేవాళ్లు, అదే పాటను రెండోసారీ పాడించి. అందుకే స్టీరియోలో ఒక చెవి మూసుకుంటే గొంతుల అల్లిక విడిగా దొరుకుతుంది. ప్రతిసారీ నిమిషం, సెకను రాసుకో. "అద్భుతమైన హార్మొనీ" అని రాస్తే చదివేవాడికి దొరికేదేమీ లేదు. ఎక్కడ, ఎవరి గొంతు, ఏం చేసిందో రాయి.

"ఐ గెట్ అరౌండ్" ఆ జట్టుకు అమెరికాలో తొలి నంబర్ వన్. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఇంగ్లండు జట్టు బీటిల్స్ అమెరికాలో దిగారు, వాళ్ల రికార్డులు తెచ్చిందీ ఇదే కాపిటల్. ఆ పోటీ ఎంత ఒత్తిడి పెట్టి ఉంటుందో ఈ పాట బిగువులో తెలుస్తుంది. చరణంలో వాద్యం ఏకధాటిగా సాగదు. ఒక్కో దెబ్బ వేసి ఆగుతుంది, ఆ ఖాళీల్లోకి చప్పట్లు, మాటలు వస్తాయి. పాట కుర్రాళ్ల గొప్పల గురించే, కానీ మొదట్లోనే ఒకే వీధిలో తిరగడం విసుగొచ్చిందనే మాట ఉంది. మధ్య గిటార్ తర్వాత శ్రుతి అరస్వరం పైకెక్కడం కూడా గమనించు. మన పాటల్లో మొదట పెట్టిన శ్రుతి చివరిదాకా మారకపోవడం అలవాటు కాబట్టి, మన చెవికి ఈ ఎక్కడం ఇట్టే అందుతుంది.

ఎల్పీ పేరు పెట్టిన పాట దగ్గర ఎక్కువసేపు కూర్చో. కర్రపలకల వాద్యం టకటకలతో మొదలవుతుంది, నడుమ పిల్లనగ్రోవి లాంటి సన్నటి ఊదుడు. బట్టల మీద ఒలికిన కోక్, చిన్న గోల్ఫ్ ఆట, కొండల్లో హోండా మోటారు బళ్లు: అన్నీ జరిగిపోయినవి, తలుచుకుంటున్నవి. వేసవి ఇంక ఎన్నాళ్లో లేదనే మాటను ఎగిరే వరసలోనే పాడతారు. విషాదానికి నెమ్మది వరస కట్టలేదు. ఈ పాట అంతా అందులోనే ఉంది. 1973లో వచ్చిన "అమెరికన్ గ్రఫిటీ" సినిమా చివర్లో ఇదే వేశారు. కథ జరిగేది 1962లో, పాట 1964ది. కాలం తప్పినా ఆ ముగింపుకు ఇంతకంటే సరైన పాట దొరకదని నా అభిప్రాయం.

"హషబై" 1959 నాటి మిస్టిక్స్ అనే జట్టు పాట, గొంతుల కోసం స్టీరియోలో విను. "లిటిల్ హోండా"లో గిటార్ పగిలినట్టు బర్రుమంటుంది. స్పీకరు పాడైందని తీగలు పీకకు, కావాలని అలా చేయించిందే. దీన్ని హోండెల్స్ అనే జట్టు పాడి అదే ఏడాది తొమ్మిదో స్థానం దాకా తీసుకెళ్లింది. "వీల్ రన్ అవే" పెళ్లికి పారిపోదామనే పిల్లల పాట, బెంగ నేరుగా కనిపించేది ఇక్కడే. "కార్ల్స్ బిగ్ ఛాన్స్" వాద్యం ముక్క, రెండు వాక్యాలు చాలు.

రెండో వైపు "వెండీ"తో మొదలు. నిమిషం దాటాక పాట ఆగి వాద్యాలు వాయించే చోట ఎవరో దగ్గుతారు, స్పష్టంగా వినిపిస్తుంది. చాలామంది ఆ దగ్గు గురించే రాసి పాటను వదిలేస్తారు. నువ్వు ఒక్క ముక్క రాసి ముందుకెళ్లు. మోసపోయిన కుర్రాడి బాధను గుంపు గొంతులు ఎలా మోస్తున్నాయో చూడు. "గర్ల్స్ ఆన్ ది బీచ్"ను వాళ్లదే అంతకుముందటి పాట "సర్ఫర్ గర్ల్"తో పక్కపక్కన పెట్టి విను. పోలిక దాచలేనిది, కానీ శ్రుతి నడకలో ఇది మరింత ధైర్యం చేసింది. "డూ యూ రిమెంబర్", "డ్రైవ్ ఇన్" వినోదానికి సరిపోతాయి.

"అవర్ ఫేవరెట్ రికార్డింగ్ సెషన్స్" పాట కాదు, స్టూడియోలో తడబాట్లు, నవ్వులు అతికిన రెండు నిమిషాలు. దాన్ని తిట్టే ముందు కారణం చెప్పు: 1964 ఒక్క ఏడాదిలో ఈ జట్టు నాలుగు ఎల్పీలు ఇచ్చింది. అంత తొందరలో చోటు నింపక తప్పదు. అందుకని అన్ని పాటలకూ సమానంగా పేరాలు పంచకు. బలమున్న నాలుగైదింటికి చోటివ్వు. వాళ్ల 1966 నాటి ఎల్పీ "పెట్ సౌండ్స్"ను ముందు పెట్టుకుని దీన్ని దాని తయారీగా కొలవకు. అలా కొలిస్తే ఇక్కడున్న వేగం, తేలిక లోపాల్లా కనిపిస్తాయి. బ్రయన్ తండ్రిని 1964 ఏప్రిల్‌లోనే మేనేజర్‌గా తప్పించిన సంగతి కూడా ఒక వాక్యం మించనీకు.

చివరి పాట పెద్ద అలకు భయపడొద్దనేది. సర్ఫింగ్ (పలక మీద నిలబడి అలలెక్కే ఆట) మీద వాళ్లు కట్టిన ఆ తొలి దశ పాటల్లో ఆఖరిది. మొదటి అట్టల మీద దాని పేరు "డోంట్ బ్రేక్ డౌన్" అని తప్పు పడింది. నీ ప్రతిలో ఏముందో చూసి రాయి.

చిత్తుప్రతి నాకు పంపు. పంపేముందు టైములన్నీ మోనో ప్రతితో ఒకసారి సరిచూసుకో.

మీ మావయ్య